నాలుగో నంబరు గీజరు

గీజరు అడుగున మర విప్పగానే ముందు చల్లటి నీళ్లు, వాటి వెనకాలే గుడ్డుపెంకుల్లాంటి సున్నపు పెళ్లలు బకెట్లోకి రాలాయి. సమీయుల్లా మోకాళ్ల మీద ముందుకు వంగి, ఇనపతీగను లోపలికి పోనిచ్చి మూలమూలలా గోకాడు. యాభై నాలుగేళ్ల మనిషి. బక్కపలచటి ఒళ్లు, గోరింటాకు పెట్టిన గడ్డం. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లబడి అలాగే ఉండిపోయింది. కారవాన్ అనే చక్రాల ఇల్లు కారుకు కట్టుకుని సెలవులకు సముద్రం ఒడ్డుకు పోయే వాళ్లకు వేడినీళ్లు రావాలంటే, ఆ ఎడారి దేశంలో, ఘాలా అనే పేటలోని గ్యారేజీలో ముందు అతని చెయ్యి పడాలి. తను మాత్రం పదిహేనేళ్లుగా రూములో చన్నీళ్లే పోసుకున్నాడు.

తొంభై మూడు డిసెంబరు, గురువారం. అతని ఆఖరి డ్యూటీ. రాత్రి తొమ్మిదింటికి విమానం. ఇక మళ్లీ రావడమంటూ లేదు. పాస్‌పోర్టు కంపెనీ కాగితాల పని చూసే మందూబు దగ్గరుంది. ఏడింటికల్లా ఎయిర్‌పోర్టు గుమ్మంలో కనపడాలని, ఆ తర్వాత తను ఉండనని ఆయన ఖచ్చితంగా చెప్పేశాడు. ప్రొద్దుటూరులో ఉన్న భార్య రుబీనా అతన్ని చూసి మూడేళ్లు దాటింది. అయినా ఈ మనిషికి పని సగంలో వదిలేస్తే అన్నం సహించదు.

నీళ్ల దగ్గర అతనంత పిసినారి ఘాలా మొత్తంలో లేడని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. గీజరు కడిగిన నీళ్లు కూడా పారబోయడు. సున్నం అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్లతో పనిముట్లు కడుక్కుంటాడు. ఎక్కడ కొళాయి కారుతున్నా దాని కింద తన సత్తు గ్లాసు పెట్టేవాడు. చిన్నప్పుడు ఎండిన పెన్నలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, కడవ నింపి అమ్మకిచ్చిన చేతులవి. బొట్టు కారిపోతుంటే ఎవరో తన ఒంట్లోంచే తోడుకుంటున్నట్టు ఉంటుంది అతనికి.

కడగడం అయ్యింది. ఇక పంపుతో ఒత్తిడి పెట్టి చూడాలి. ఆ పరీక్షకు సేఫ్టీ వాల్వు మూతికి ఇత్తడి బిరడా బిగిస్తాడు. లోపల నీళ్లు మరీ కాగితే ఆవిరి బయటపడే దారి ఆ వాల్వొక్కటే కాబట్టి, పరీక్ష కాగానే బిరడా తీసి గోడ మేకుకు తగిలిస్తాడు. మరిచిపోకుండా దానికి ఎర్రదారం కూడా కట్టుకున్నాడు. మేకు వైపు చెయ్యి చాచాడు. మేకు ఖాళీగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం నాలుగో నంబరు కారవాన్‌లోని గీజరు వాల్వు బొట్టుబొట్టుగా కారుతోంది. రాత్రంతా నీళ్లు వృథా అని బిరడా అలాగే ఉంచేశాడు, పొద్దున తీద్దాంలే అని. పైగా ఆ గీజరు థర్మోస్టాట్ మంటను సరిగా ఆర్పడం లేదు. కొత్తది శనివారం వస్తుంది. అందాకా వాల్వు ఉంది కదా అనుకున్నాడు. ఆ వాల్వు నోరు తనే నొక్కేశాడు.

"రహీం, నాలుగో నంబరు బండి ఏదిరా?"

హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవరు రహీం పికప్పు తుడుస్తున్నాడు. "అల్ ఖువైర్ బ్యాంకు సార్ పొద్దుగాల్నే తీస్కపోయిండు గద చాచా. రావు సార్. భార్యా బిడ్డతోటి సవాదీ బీచ్‌కి."

"పద. బండి తియ్యి."

"నీకు ఫ్లైటుంది చాచా. ఇంకెవరినన్న పంపుదాం."

"బేస్తవారం మధ్యాన్నం నుంచే సెలవు గదా, ఎవరుండారు? నేను పెట్టిన బిరడా, నేనే తీయల్ల."

అప్పటికి మూడున్నర. సముద్రంలో ఆడిన పిల్ల సాయంత్రం ఉప్పు వదిలించుకోవాలంటే వేడినీళ్లే కావాలి. గీజరు వెలిగించేది అప్పుడే. సెలవు సాయంత్రం కావడంతో బాతినా రోడ్డు నిండా కార్లు. రహీం హారన్ కొడుతూనే ఉన్నాడు. సమీయుల్లా ఒళ్లో సంచీ పట్టుకుని, పొద్దు ఎంత వాలిందో చూస్తూ కూర్చున్నాడు. దారిలో ఎయిర్‌పోర్టు వచ్చింది, వెనకబడింది. అతను తల తిప్పలేదు.

వాళ్లు సవాదీ చేరేసరికి అయిదు దాటింది. ఇసకలో ఒంటరిగా కారవాన్. గీజరు జాలీలోంచి మంట గుయ్యిమంటోంది. ఈపాటికి ఆగిపోవలసిన మంట అది. గుమ్మంలో తువ్వాలు చుట్టుకుని రావు కూతురు, ఏడేళ్ల తన్మయి నిలబడి ఉంది.

"అమ్మా, పాపను తీసుకుని దూరం పోండి. సార్, మీరూ. మళ్లీ చెప్తా, ముందు పోండి."

గ్యాసు బుడ్డి మూసేశాడు. మంట ఆగింది, లోపల నీళ్ల కుతకుత ఆగలేదు. బిరడా ఇప్పుడు ముట్టుకుంటే చెయ్యి మాడుతుంది. ఒత్తిడి తగ్గాలంటే దారి ఒక్కటే, వేడి కొళాయి తిప్పి కాగిన నీళ్లన్నీ వదిలెయ్యాలి. గోనెగుడ్డ చేతికి చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని కొళాయి తిప్పాడు. కొళాయి ఖస్సుమని ఆవిరి కక్కింది. మణికట్టు మీద చర్మం చురుక్కుమంది. తర్వాత ధార పడింది.

రెండు రోజులకని నింపుకున్న నీళ్లు గొట్టంలోంచి ఇసకలోకి పోతున్నాయి. ఎన్ని కడవలో అతనికి చూపులోనే తెలుసు. కళ్లు మూసుకుందామనుకున్నాడు, మూసుకోలేదు. తనకు పడవలసిన శిక్ష అనుకుని చల్లటి ధార వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బిరడా విప్పాడు.

రావు దగ్గరికొచ్చాడు. "అసలేం జరిగిందండీ?"

"తప్పు నాది సార్. వాల్వు మూసి మరిచినా. ఇంకాసేపుంటే పేలేది."

రావు గీజరు వైపు చూశాడు. కూతుర్ని చూశాడు. "మిమ్మల్ని నమ్మి పిల్లని తెచ్చుకున్నానండీ," అన్నాడు.

"అవును సార్." బిరడాను రహీం చేతిలో పెట్టాడు.

రావు భార్య దమయంతి వాల్వు వైపు చూసింది. "ఇంకా కారుతోందేంటండీ?"

"కారనీయండమ్మా. దాన్ని పెట్టిందే అందుకు. నేనే చూడలేక మూసినా. గీజరు మాత్రం ఎలిగించొద్దండి. పాపకు పొయ్యి మీద కాచి పోయండి." పికప్పులో ఉన్న రెండు నీళ్ల డబ్బాలు దింపి గుమ్మంలో పెట్టాడు.

ఆమె టీ తాగి వెళ్లమంది. టైము లేదమ్మా అన్నాడు. పికప్పు దాకా నడిచి, మళ్లీ వెనక్కొచ్చి, సంచీలోంచి ఏదో తీసి కారవాన్ పక్కన వంగాడు.

ఏడుకు రెండు నిమిషాలుండగా మందూబు తిడుతూ అతని చేతిలో పాస్‌పోర్టు పెట్టాడు. రహీం గ్యారేజీకి తిరిగొచ్చి బిరడాను మేకుకు తగిలించాడు. సమీయుల్లా కాలిన మణికట్టుకు రుమాలు చుట్టుకుని విమానమెక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున తన్మయి ఇసకలో ఆడుకుంటూ కారవాన్ వెనక్కి వెళ్లింది. వాల్వు కింద సొట్టలు పడ్డ సత్తు గ్లాసు ఒకటి, అంచుదాకా నిండి ఉంది.