ఒకటి నొక్కండి

వేడినీళ్ల గ్లాసు పెదవులకు ఆనించుకుని, ఊదుకుంటూ, సుసన్న కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చుంది. ఇదివరకైతే ఈ పాటికి ఫోన్ ఆమె చెవికి అతుక్కుపోయి ఉండేది. ఎడమ చెవి కమ్మ తీసి సొరుగులో పడేసిందంటే మళ్లీ అన్నం గిన్నె మూత తీసేదాకా నోటికి తీరికుండేది కాదు. ఇప్పుడు రెండు చెవులకూ కమ్మలున్నాయి. చేయాల్సిన పని చూస్తూ ఉండడం. మాట్లాడే పని మిషన్ చేస్తోంది, అదీ సుసన్న గొంతుతోనే.

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురు సందులో, ఎరువుల దుకాణం పైన ఒక గది, దాని ముందు ఇరుకు వసారా. అదే 'పందిరి' పెళ్లి సంబంధాల ఆఫీసు. కింది నుంచి పురుగుమందుల వాసన మెట్లెక్కి వస్తుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు గాని సుసన్నకు ఆ వాసన తెలియడం మానేసి ఏళ్లయింది. దయాకర్ ఈ ఆఫీసు తెరిచిన నాడు ఇందులో ఒక బీరువా, దాని నిండా ఫోటోలు, వాటి ముందు సుసన్న. తర్వాత వెబ్‌సైట్ వచ్చింది. సభ్యత్వం కట్టి చేరితే చాలు, పిల్లల ఫోటోలు, వివరాలు అందులో పెడతారు, సంబంధాలు చూపిస్తారు. చుట్టుపక్కల మండలాలన్నిట్లోంచి జనం చేరారు. చేరారు గాని, వాళ్లలో సగం మంది ఆ వెబ్‌సైట్ మొహం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. వాళ్లకు వెబ్‌సైట్ అంటే సుసన్న. ఫోటో మార్చాలన్నా సుసన్నే, పిల్ల తరఫువాళ్లు ఏమన్నారో కనుక్కోవాలన్నా సుసన్నే. ఇంట్లో కోడలితో పడకపోయినా సుసన్నకే ఫోన్ చేసేవారు, ఎంతైనా ఆ సంబంధం కుదిర్చింది ఆమే గనుక.

అలా మాట్లాడీ మాట్లాడీ గొంతు పోయింది. ముందు బొంగురుపోయింది, ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి ఊపిరి తప్ప మాట బయటికి రాని రోజులు మొదలయ్యాయి. గొంతులో బొడిపెలు లేచాయని, మాటలు తగ్గించమని దవాఖానలో చెప్పారు. మాటలు తగ్గిస్తే జీతం ఎవరిస్తారని ఆమె అడగలేదు, నవ్వి ఊరుకుంది. ఆ సంగతి దయాకరే ఆలోచించాడు. మనిషి మంచివాడే, కాస్త లెక్కగల మంచివాడు. బొంగులూరులో కొత్త కాలనీలో ఉండే వినోద్ కుమార్ అనే ఇంజనీరును పట్టుకొచ్చి, వెబ్‌సైట్‌కు ఆటోమేషన్ పెట్టించాడు. ఇకమీదట గడువు గుర్తు చేసేది, సంబంధం వచ్చిందని చెప్పేది, జవాబు అడిగేది అంతా దానంతటదే జరిగిపోతుంది.

గొంతు మాత్రం అక్కదే ఉండాలని దయాకర్ పట్టుపట్టాడు. జనం నమ్మేది ఆ గొంతునే అన్నాడు. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుండగా వినోద్ కుమార్ రాసిచ్చిన మాటల్ని సుసన్న చదివింది. "నమస్తే అండి, నేను సుసన్నను మాట్లాడుతున్నాను. మీకు ఒక మంచి సంబంధం వచ్చింది. మీకు ఇష్టమైతే ఒకటి నొక్కండి. ఇష్టం లేకపోతే రెండు నొక్కండి." మధ్యలో దగ్గొస్తే మళ్లీ మొదటి నుంచి. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఎవరికీ ఏదీ నచ్చజెప్పక్కర్లేదు. ఇంటికి పోయి మొగుడితో రెండు మాటలు మాట్లాడేంత గొంతు మిగులుతుంది అనుకుంది.

తెర మీద పేర్లు వరసగా ఉన్నాయి. నొక్కినవాళ్లవి పచ్చగా, నొక్కనివాళ్లవి ఎర్రగా. పచ్చవి చాలా ఉన్నాయని దయాకర్ పొద్దుటి నుంచి హుషారుగా తిరుగుతున్నాడు. వినోద్ కుమార్ కూడా వచ్చి మూల బల్ల దగ్గర ఏవో మార్పులు చేస్తున్నాడు. సుసన్న కళ్లు మాత్రం ఎర్రవాటిల్లో ఒక పేరు దగ్గర ఆగిపోయాయి. మల్లేశయ్య.

మహేశ్వరం వెళ్లే దారిలో, లోపలికున్న పల్లె ఆయనది. పెళ్లాం లేదు. ఉన్నది ఒక్క కొడుకు ఎల్లేశ్, వ్యవసాయం చేస్తాడు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయి, అమ్ముకున్న వాళ్ల పిల్లలు కార్లు కొనుక్కుని పెళ్లిళ్లు చేసుకున్నారు. మల్లేశయ్య అమ్మలేదు. పిల్లగాడు ఏం చేస్తాడని పిల్లవాళ్లు అడగడం, వ్యవసాయమని సుసన్న చెప్పడం, అవతల ఫోన్ పెట్టేయడం. ఏళ్లుగా ఇదే తంతు. ఎల్లేశ్ చెవుల పక్క జుట్టు నెరిసింది. అయినా ముసలాయన ఏటేటా స్వయంగా వచ్చి సభ్యత్వం కొనసాగించుకుని, సంచీలోంచి రెండు సొరకాయలు తీసి సుసన్న బల్ల మీద పెట్టి పోతుండేవాడు.

ఇన్నాళ్లకు ఆ అబ్బాయి ఫోటో చూసి ఒకరు సరేనన్నారు. బొంగులూరు ఇంద్రమ్మ, మొగుడు పోయిన మనిషి. కూతురు మనోజ ప్రైవేటు దవాఖానలో నర్సు. వ్యవసాయమైనా పర్వాలేదు, తాగకుండా ఉంటే చాలని ఆ పిల్లే అన్నదట. సుసన్న ఆ మాట తెర మీద చదువుకుని మురిసిపోయింది. అబ్బాయి వాళ్ల జవాబు అడగడం మిషన్ వంతు. ఈ సాయంత్రంలోగా జవాబు రాకపోతే, అవతలివాళ్లకు ఇష్టం లేదని ఇంద్రమ్మకు దానంతటదే మెసేజ్ వెళ్లిపోతుంది. మల్లేశయ్య పేరు చూస్తే ఎర్రగా ఉంది.

ఇష్టం లేకపోవడమా? మల్లేశయ్యకా? సుసన్నకు నమ్మబుద్ధి కాలేదు. ఫోన్ ఎత్తలేదేమో చూడమని వినోద్ కుమార్‌ను అడిగింది. అతను తెర మీద వేలు పెట్టి చూపించాడు. ఎత్తాడు, చాలాసేపు లైన్‌లోనే ఉన్నాడు, కానీ ఏ బటనూ నొక్కలేదు. ఎర్రవాటిల్లో చాలా కాల్స్ అలాగే పొడుగ్గా ఉన్నాయని, ఎందుకో తనకూ అంతుపట్టలేదని అన్నాడు. వినాలంటే అన్నీ రికార్డు అయి ఉన్నాయన్నాడు.

ఎలా వినాలో చూపించడానికి అతను ఎర్రవాటిల్లో మొదటి పేరు నొక్కాడు. కొంగరకలాన్ నీలమ్మ. ముందు సుసన్న గొంతు చెప్పాల్సింది చెప్పింది. ఆ వెంటనే నీలమ్మ అందుకుంది. దగ్గు తగ్గిందా అని అడిగింది. తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. మనవరాలి ఫోటో బాగా రాలేదని, ఇంకోటి పంపుతానని చెప్పింది. ఒకటి నొక్కండి అని మళ్లీ అడిగితే, ఆగరాదే, చెప్తున్న గద అని కసిరింది. వినోద్ కుమార్ నవ్వాడు. సుసన్నకూ నవ్వొచ్చింది. తర్వాత ఆ ఎర్ర పేర్లు ఒక్కొక్కటే పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చింది, నవ్వు ఆగిపోయింది. కొత్తగా చేరినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ తనవాళ్లే. తన గొంతు ఎరిగినవాళ్లే. మనిషి పలకరిస్తే మాట్లాడకుండా బటన్ నొక్కడమేమిటని, పాపం, అందరూ మాట్లాడారు.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని మల్లేశయ్య పేరు తనే నొక్కింది. మొన్నటి కాల్ అది.

"హలో... ఎవరు, సుసన్నమ్మనా? ఏంది బిడ్డా, టీవీల లెక్క మాట్లాడుతున్నవ్?"

ఇష్టమైతే ఒకటి నొక్కండి, అన్నది ఆమె గొంతు.

"ఇష్టం గాకపోవుడేంది బిడ్డా. ఎన్నేండ్లకొచ్చింది. ఐతారం నాడు రమ్మను. పొద్దుగాల్నే రమ్మను, ఎండ ముదరకముందే." కాసేపు ఆయాసం. "నాకు జర ఛాతిల పట్టినట్టయితున్నది. ఆళ్లొచ్చి పోయినంక దవాఖానకు పోత. పిలగానికి చెప్పకు, ఆగం చేస్తడు."

మీ జవాబు అందలేదు. ఇష్టమైతే ఒకటి నొక్కండి.

"ఏం నొక్కాల్నో నాకు ఎర్క లేదు బిడ్డా. ఇంటున్నవా? ఏం మాట్లాడుతలేవు. పనిలున్నట్టున్నవ్." మళ్లీ ఆయాసం. "సరే తియ్. నీకు చెప్పిన గద, ఇగ నాకు ఫికర్ లేదు."

సుసన్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. తనే ఆ ఫోన్‌లో ఉండి ఉంటే ముసలాయన్ని నాలుగు తిట్లు తిట్టి ఆ పూటే దవాఖానకు తరిమేది. ఎల్లేశ్‌కు చెప్పొద్దంటే చెప్పకుండా ఊరుకునేదా ఏమిటి! తను లేదు. ఉన్నట్టు ఆయన అనుకున్నాడు, అంతే.

వెంటనే మల్లేశయ్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. పొలంలో ఉన్నాడేమో, ఫోన్ ఇంట్లో మరిచాడేమో అనుకుంది. గడియారం చూస్తే గడువు దగ్గరపడుతోంది. ఇంద్రమ్మకు చేసి, ఉన్న గొంతంతా కూడదీసుకుని, అబ్బాయి వాళ్లకు మనసారా ఇష్టమని, ఆదివారం పొద్దున్నే రమ్మన్నారని, మిషన్‌కు జవాబు చెప్పడం తెలియక ఆలస్యమైందని చెప్పింది. ఇంద్రమ్మ తేలికపడినట్టు నవ్వింది. వాళ్లకు ఇష్టం లేదేమోనని పిల్ల నిన్నటి నుంచి చిన్నబోయి ఉందని, ఆదివారం తప్పకుండా వస్తామని అంది. సుసన్న తెర మీద మల్లేశయ్య పేరును తన చేత్తో పచ్చగా మార్చింది.

ఎల్లేశ్‌కు చేయాలా వద్దా అని కొంచెంసేపు వెనకాడింది. చెప్పొద్దన్నాడు ముసలాయన. చెప్పకపోతే ఎట్లా? చేసింది. అవతల జనం గొంతులు, ఎక్కడో నీళ్లు పోస్తున్న చప్పుడు.

"అక్కా, బాపు పోయిండు. తెల్లారకముందే. ఇప్పుడే కాష్టం కాడ్నించి వచ్చినం."

ఆమె ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. ఫోన్ పెట్టేసింది. కింద బస్టాండులో సాగర్ బస్సు కదులుతూ హారన్ కొట్టింది. దయాకర్ వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పింది. అతను కుర్చీలో కూలబడ్డాడు. ఎవరైనా నొక్కకపోతే ఆ కాల్ అక్కకే వచ్చేటట్టు సోమవారంకల్లా మార్పిస్తానన్నాడు. తప్పు ఎవరిదీ కాదన్నాడు. అది నిజమే, అయినా ఆ మాట సుసన్నకు మింగుడుపడలేదు.

"నా గొంతు తీసెయ్యి సార్," అంది. "ఇంకెవల్దన్న పెట్టుకో. నాదుంటె ఆళ్లు మాట్లాడుతనే ఉంటరు."

సుసన్న సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. రేపు వస్తుందో రాదో ఆమె చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుంటే దారి పొడవునా వెంచర్ల బోర్డులు, రంగు జెండాలు, ఇళ్లు లేని సిమెంటు రోడ్లు. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట పచ్చటి మడి కనిపిస్తే అది మల్లేశయ్యదేనేమో అనిపించింది. ఆయన ఇల్లు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంతమంది ఇళ్ల సంగతులు తెలిసిన మనిషి, ఒక్కరి గడపా తొక్కలేదు. అంతా చెవితోనే నడిచింది బతుకు.

పొద్దు వాలుతుండగా వాకిట్లోకి వెళ్లింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క నేల మీద కూర్చుని ఉన్నారు. కాళ్లు కడుక్కోమని ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. తడి పంచెతోనే ఎల్లేశ్ లేచి వచ్చాడు. ఫోటోలో కన్నా పెద్దవాడిలా, తండ్రికి అచ్చు పోసినట్టున్నాడు. ఇంట్లో చావు జరిగింది, ఏడాది తిరిగేదాకా ఈ వాకిట్లో పెళ్లి మాట ఎత్తరు. ఇంద్రమ్మ వాళ్లు ఏడాది ఆగుతారో లేదో సుసన్నకు తెలియదు. ఆదివారం రావద్దని వాళ్లకు చెప్పాల్సిన పని కూడా తనదే. ఆలోచిస్తుంటేనే ఆమెకు ఒళ్లంతా అలసట కమ్ముకొచ్చింది.

పట్నం నుంచి వచ్చిన మనిషని ఒక ముసలమ్మ లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, కొత్తది. లోపల గోడ వారగా అలాంటివే ఇంకొన్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉన్నాయి.

"బాపు నిన్న మహేశ్వరం పోయి తెచ్చిండక్కా," అన్నాడు ఎల్లేశ్. "మనింట్ల కూసునెటోల్లెవరు బాపూ అంటె, వస్తరు తియ్ అని నవ్విండు." తలొంచుకుని పంచె చెంగు పిండాడు. "సుసన్నమ్మకు అన్ని చెప్పిన, అన్ని ఇన్నది అన్నడు. ఇన్నవా అక్కా?"

సుసన్న అతని చేయి పట్టుకుంది.

"ఇన్న తమ్మీ," అంది. "అన్ని ఇన్న."

అతను తలూపి మగవాళ్ల పక్కకు వెళ్లిపోయాడు. సుసన్న ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కుర్చీ ఆమె పక్కనే వాకిట్లో ఉంది, దాని చేతులకు చుట్టిన కవర్ ఇంకా విప్పలేదు.