కోడలు పెట్టిన మందు

వెంకటమునికి రాగిముద్ద గొంతు దిగి రొమ్ములో నిలిచిపోవడం మొదలై నాలుగు నెలలైంది. నిలిచినప్పుడల్లా చెంబెడు నీళ్లు తాగేవాడు, లేచి నిలబడేవాడు, ఒక్కోసారి పెరట్లోకి పరుగెత్తి కక్కేసేవాడు. అరవై ఏళ్లు బండెడు ముద్దలు మింగిన మనిషికి ఇప్పుడేమొచ్చింది? బాగా ఆలోచిస్తే ఆయనకు ఒకటే తోచింది. ముద్ద పాతదే, గొంతు పాతదే, వండే చెయ్యి కొత్తది. కొడుకు మునికుమార్ పెళ్లాం లోహిత సత్యవేడు నుంచి ఈ కార్వేటినగరం ఇంటికొచ్చి ఇంకా ఏడాది కాలేదు.

అసలే అనుమానం మనిషి. బస్సు టికెట్టు మీద తేదీ కూడా సరిచూసుకునే రకం. దానికి తోడు వీధి చివర అక్క గంగులమ్మ ఒకతె. ఒకరోజు ఆమె ఇంట్లో అంబలి తాగితే చల్లగా దిగిపోయింది.

"సూస్తివా? నా ఇంట్లో దిగతాది, నీ ఇంట్లో దిగదు. నీకు మందు పెట్టినార్రా మునీ" అంది గంగులమ్మ గొంతు తగ్గించి.

మందు పెట్టడమంటే ఆ వైపు పిల్లలకు కూడా తెలుసు. కూట్లో కలిపి పెడితే అది కడుపులో అతుక్కుని మనిషిని కరగదీస్తుందట. అంబలి నీళ్లలాంటిదనీ, ముద్ద ముద్దేననీ ఆ ఇద్దరిలో ఒక్కరికైనా తట్టిందా? ఊహూఁ!

ఆ పొద్దు నుంచి వెంకటముని వంటింటి మీద కన్నేశాడు. మూడో రోజు మధ్యాహ్నం దొరికిపోయింది. లోహిత ముద్దను చారులో వేసి మిక్సీలో తిప్పింది, గిన్నెలోకి వంచింది, అటూ ఇటూ చూసి మూత పెట్టింది.

మర్నాడే అక్కను వెంటబెట్టుకుని తడ దగ్గర మందు తీసే మనిషి దగ్గరికి పోయాడు. ఆ మనిషి ఏదో ఆకు పసరు తాగించాడు. కళ్లు బైర్లు కమ్మేదాకా వాంతులు. అందులో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ ఒకటి తీసి, "ఇదిగో, ఇంట్లో ఆడమనిషి చెయ్యి" అన్నాడు. లోకాన్నంతా అనుమానించే వెంకటముని, ఆ ఉండ అంతవరకూ ఆ పిడికిట్లోనే ఉందేమోనని మాత్రం అనుమానించలేదు.

ఉండ పోయింది గానీ ముద్ద దిగలేదు. అంటే మళ్లీ పెట్టిందన్నమాట! ఆ సాయంత్రమే కొడుకు ముందర కోడల్ని నిలదీశాడు.

"కాణిపాకం పోదాం పా. తడిబట్టలతో ఆ సామి ముందర ప్రమాణం చెయ్యి, మందు పెట్టలేదని. చెయ్యకుంటే నీ పుట్టింటికి పో."

లోహిత బిత్తరపోయింది. ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని తిన్నగా చూసింది.

"నువ్వు మింగలేక అల్లాడతా ఉంటే గుజ్జు చేసి పెట్టినా మామా. చెప్తే, నేనేమన్నా పసిబిడ్డనా అని అరస్తావని చెప్పలా. ప్రమాణం తప్పకుండా సేస్తా. ముందు నువ్వు తిరుపతి ఆస్పత్రిలో గొట్టం ఏసి సూపించుకో."

ఈ పిల్లకి నా గొంతులో గొట్టం ఎందుకు కావాల్సొచ్చింది అని అదీ అనుమానించాడు. కానీ అద్దంలో చూసుకుంటే మనిషి సగానికి తగ్గిపోయి ఉన్నాడు. ఒప్పుకున్నాడు.

డాక్టరమ్మ గొట్టం వేసి, తెర మీద చూపించింది. "చూడండి పెద్దాయనా, ఇది మీ అన్నవాహిక. ఇక్కడ ఎంత సన్నబడిందో! రొమ్ములో మంట ఎన్నేళ్లుగా ఉంది?"

"అదా... పదేండ్ల నుంచి ఉండాది. సోడా తాగి పండుకుంటా."

"కడుపులో పులుపు పైకెగదన్ని పుండు చేసింది. పుండు మాని మచ్చ కట్టి దారి మూసేసింది. ఆ పసర్లు తాగి ఇంకా రేపుకున్నారు." లోపలికి బుడగ పంపి దారి సాగదీసింది. కాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకు పంపితే అదీ కాదని తేలింది. పదేళ్ల కిందట లోహిత బడికి పోయే పిల్ల. ఆ లెక్క వెంకటమునికి కూడా తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ప్రమాణం వొద్దులేమ్మా" అన్నాడు ఇంటికొచ్చి.

"నాకు కావాల మామా. నేను సేస్తా. నా మీద అనుమానం లేదని నువ్వూ సెయ్యి. అప్పుడే ఈ ఇంట్లో పొయ్యి ముట్టిస్తా."

కాణిపాకంలో తడిచీరతో నిలబడి లోహిత గట్టిగా, తడుముకోకుండా చెప్పింది. ఇక వెంకటముని వంతు. చేతులు జోడించాడు. డాక్టరమ్మ చెప్పింది నిజమే, తెర మీద కళ్లారా చూశాడు. మరి ఆ వెంట్రుకల ఉండ? అదీ కళ్లారా చూసిందే గదా? అబద్ధమాడితే ఊరుకునే స్వామి కాదు. నోరు తెరిచాడు, మూశాడు. మునికుమార్ "నాయనా, చెప్పు" అన్నాడు. మళ్లీ తెరిచాడు. మాట రాలేదు.

లోహిత చాలాసేపు కాచుకుంది. తర్వాత తడికొంగు పిండుకుని బయటికి నడిచింది. సత్యవేడు బస్సు దగ్గర మాత్రల అట్ట, చీటీ ఆయన చేతిలో పెట్టింది.

"పొద్దున్నే పరగడుపున ఒకటి. తినంగానే పండుకోవద్దు. మళ్లా బుడగ ఏసే తేదీ చీటీలో ఉండాది. పోయొస్తా మామా."

మునికుమార్ ఆమె సంచి అందుకుని వెనకే ఎక్కాడు. కొడుకు కూడా పోతున్నాడని తెలిసేసరికి వెంకటముని బస్సు వైపు రెండడుగులు వేశాడు. పోవద్దమ్మా, తప్పయిపోయింది అని అరవాలనుకున్నాడు. అరవడానికి ముందు, ఊరికే, చేతిలోని మాత్రల అట్టను వెనక్కి తిప్పి రేకు ఎక్కడన్నా చినిగిందేమోనని చూశాడు.

తలెత్తేసరికి లోహిత బస్సు కిటికీలోంచి ఆ చేతినే చూస్తోంది.