మనది కాని గీత

వంటింట్లో వీట్స్కే ఆపిల్ తొక్కలు తీస్తోంది. నేను ముక్కలు కోసి దాల్చినచెక్క పొడి చల్లుతున్నాను. శుభవార్త ఉన్నవాళ్ళే మిగతావాళ్ళకు కేకు పెట్టాలన్నది మా పరిశోధన బృందంలో ఆచారం. శుభవార్త ఇంకా రాలేదు. కొత్త డేటా టేబుల్ మీది ల్యాప్‌టాప్‌లోకి మెల్లగా దిగుతోంది.

తలుపు తోసుకుని మా ప్రొఫెసర్ ఓనో వచ్చాడు. తడిసిన కోటును కుర్చీకి తగిలించాడు.

"గెలవకముందే విందా?"

"ఓడిపోతే ఏడుస్తూ తినడానికైనా ఉండాలిగా," అంది వీట్స్కే.

"అయితే పెద్ద ముక్క నాది."

సరదాగానే అన్నాడు గానీ ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

గొడవంతా ఒక గీత గురించి. చాలా దూరాన ఒక గెలాక్సీ నడుమ భారీ కృష్ణబిలం ఉంది. దానిలోకి జారే పదార్థం మండి ఎక్స్-రేలు చిమ్ముతుంది. అంతరిక్ష దూరదర్శిని ఆ వెలుగును విడదీసి చూపిస్తే ఒకచోట సన్నటి చీకటి గీత పడింది. దారిలో ఉన్న వేడి వాయువులో, ఎలక్ట్రాన్లు దాదాపు అన్నీ ఊడిపోయిన ఇనుము అక్కడి వెలుగును మింగేసిందన్నమాట. వాయువు మన వైపొస్తుంటే గీత ఎక్కువ శక్తి వైపు, దూరం పోతుంటే తక్కువ శక్తి వైపు జరుగుతుంది. ఆ వాయువు ఎక్కడిది? కృష్ణబిలం దగ్గర్నుంచి మన వైపు దూసుకొస్తున్న గాలి అంటుంది వీట్స్కే. మన పాలపుంతలోదే అంటాడు ఓనో. సోమవారం సభలో ఆయన ఆ మాటే చెప్పబోతున్నాడు. చెబితే వీట్స్కే థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం కొట్టేయాల్సిందే.

"నీ గాలి సరిగ్గా మన పాలపుంత గీత పడే చోటే వచ్చి కూర్చోవాలా? బుద్ధిమంతురాలైన గాలే!"

"కాలవలో పడవ అటు పోతోంది. పైన మనిషి అంతే వేగంగా ఇటు నడుస్తున్నాడు. గట్టు మీదున్న మీకెలా కనిపిస్తాడు?"

"నిలబడ్డట్టు."

"గెలాక్సీ అటు పోతోంది, గాలి ఇటొస్తోంది. అంతే."

"అంత కొలిచినట్టు నడిచేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదమ్మా."

"అందుకేగా ఇంకోసారి చూద్దామని పట్టుబట్టాను! మీ వాయువైతే ఎక్కడిదక్కడే ఉంటుంది. గాలికి నిలకడుండదు."

డేటా దిగింది. పాత వర్ణపటాన్ని నీలంలో, కొత్తదాన్ని ఎరుపులో ఒకదాని మీద ఒకటి గీయించాను. వీట్స్కే పొయ్యి వైపు తిరిగి కేకు పిండి కలపసాగింది.

"నేను చూడలేను. నువ్వే చెప్పు."

రెండుసార్లు చూశాను.

"పాత చోట గీత లేదు."

"లేదా? పోయిందా?"

"పోలేదు. జరిగింది. ఎక్కువ శక్తి వైపు. గాలి వేగం పెరిగింది."

ఓనో నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు. "పరికరం కొలత జరిగితే అన్నీ జరుగుతాయి. సరిచూసుకునే గీత తియ్యి."

కొలత సరిగా ఉందో లేదో తెలియడానికి ఆ పరికరంలోనే చిన్న రేడియోధార్మిక ముక్క ఒకటి పెట్టి ఉంటారు. దాని గీత ఎప్పుడూ ఒకే చోట పడాలి. దాన్ని పెద్దది చేసి చూపించాను. ఎరుపు కింద నీలం కనిపించనే లేదు, అంత సరిగ్గా కూర్చుంది.

"ఇది కదల్లేదు," అన్నాను. "కదిలింది ఇనుము గీత ఒక్కటే."

వీట్స్కే పిండి చేతులతోనే వచ్చి తెర మీదికి వంగింది.

"వస్తోంది! ఇటే వస్తోంది! కాంతి వేగంలో పదో వంతు కంటే ఎక్కువ!" అని నన్ను కుర్చీతో సహా కావలించుకుంది. నా జుట్టు నిండా పిండే. ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. కింద వాటాలోవాళ్ళు చీపురుకర్రతో పైకప్పును పొడిచారు. మేం ఇంకా గట్టిగా అరిచాం.

ఓనో మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇదొక్కటి అచ్చు తీసివ్వు," అన్నాడు. ఇచ్చాను. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా లోపల దాచుకుని, కోటు తొడుక్కున్నాడు. వీట్స్కే భుజం మీద ఒక్కసారి చెయ్యి వేశాడు.

మెట్లు దిగి సైకిలెక్కాడు. కిటికీలోంచి చూశాం. వాళ్ళింటికి దారి ఎడమకు. వానలో తల వంచుకుని, కుడివైపు ఇన్‌స్టిట్యూట్ దారి పట్టాడు, సోమవారం ఉపన్యాసం తిరగరాయడానికి.