రాతి మీద ఎల్లమ్మ గీసిన గీత

నాలుగేళ్ళలో నేను మూడు వందల పన్నెండు దీవుల గురించి రాశాను. ఒక్కటీ చూడలేదు. ఆ మాటకొస్తే సముద్రమే చూడలేదు. మాదాపూర్‌లో ఒక ప్రయాణాల యాప్ కంపెనీలో, తొమ్మిదో అంతస్తులో, ఏసీ గాలి సరిగ్గా నడినెత్తిన పడే కుర్చీలో కూర్చుని "ఒక్కరోజులో చూసి రాదగ్గ దీవులు" అనే పేజీలు రాయడం నా ఉద్యోగం. వాళ్ళూ వీళ్ళూ రాసినవి నాలుగు చదివి ఐదోది నేను తయారు చేస్తాను. కాళ్ళకు బలపం కట్టుకుని లోకమంతా తిరిగినదానిలా "ఉదయాన్నే ఆ ఇసుక మీద నడిస్తే ఆ హాయే వేరు" అని రాసి, సాయంత్రం నిజాంపేట బస్సులో నిలబడి ఇంటికి పోతాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

నా బండారమంతా తెలిసిన మనిషి మా అమ్మ ఎల్లమ్మ. అదే బిల్డింగులో ఆరో అంతస్తులో హౌస్‌కీపింగ్ చేస్తుంది.

"చూడకుండ ఎట్ల రాస్తవే స్వప్నా?" అని అడిగింది ఒకసారి.

"చదివి రాస్తనమ్మా."

"నువ్వు చదివినవి రాసినోళ్ళన్న చూసిన్రా?"

ఆ ప్రశ్నకు నాకు కోపమొచ్చింది. దాన్నే చూపించాను.

అయినా నా పేజీల్లో ఒకదాని మీద అమ్మకు మనసు పడింది. అండమాన్‌లో ఒక చిన్న దీవి. దాని ఒడ్డున, రెండు బండల నడుమ సముద్రం తొలిచిపెట్టిన రాతి వంతెన ఉంటుంది. ఆ బొమ్మ కాగితం మీద ప్రింటు తీసి నేను పారేస్తే, అమ్మ తీసుకుపోయి నేల తుడిచే మాపులు ఆరబెట్టే గదిలో గోడకు అంటించుకుంది. "ఎప్పటికన్న దాని కింద నిలబడి ఫోటో దిగుత" అనేది. ఆమెతో పనిచేసే ఈరమ్మ పడీ పడీ నవ్వేది.

మొన్న ఫిబ్రవరిలో కంపెనీ పుట్టినరోజుకు చీటీలు తీస్తే నా పేరొచ్చింది. ఇద్దరికి అండమాన్ ప్రయాణం. తొమ్మిదేళ్ళలో వరుసగా మూడు రోజులు ఎన్నడూ సెలవడగని మా అమ్మ సూపర్‌వైజర్ దగ్గరికి పోయి నాలుగు రోజులు అడిగింది. అంతస్తంతా చాటింపు వేసింది. ఈరమ్మ ఊరుకుంటుందా? "ఫోటో లేకుండ వచ్చినవో, ఈ కాగితం పీకి చెత్తబుట్టల ఏస్త" అంది.

అమ్మ నవ్వింది గానీ, నాకు మాత్రం అదొక్కటే పట్టుకుంది. అమ్మను ఆ వంతెన కింద నిలబెట్టి ఫోటో తియ్యాలి. నా ఉద్యోగానికి ఒక్కసారైనా మా ఇంట్లో విలువ రావాలి.

ఆ దీవికి పోయిన రోజు పొద్దున తొమ్మిదింటికి ఓడ మమ్మల్ని దింపింది. తిరుగు ఓడ నాలుగింటికి. అది తప్పితే మర్నాడు విమానమూ తప్పుతుంది. ఆటో ఎక్కగానే డ్రైవర్ హిందీలో "మేడం, అక్కడ నీళ్ళు..." అని ఏదో చెప్పబోయాడు. "నాకు తెలుసు భయ్యా, పోనీ" అన్నాను. తెలియకపోవడమేంటి, ఆ పేజీ రాసిందే నేను. "ముందుగా రాతి వంతెనకు వెళ్ళండి. రోజులో ఎప్పుడైనా చూడవచ్చు." నా వాక్యాలు నాకు కంఠతా వచ్చు.

దారి చివర ఆటో దిగి, మొగలిపొదలు దాటి ఒడ్డుకు చేరాం. అమ్మ సముద్రాన్ని చూసి ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. పచ్చగా మొదలై నీలంగా పోయి ఆకాశంలో కలిసిన ఆ నీళ్ళను చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళూ దీన్ని "మనోహరం" అనే ఒక్క మాటతో సరిపెట్టానా అని సిగ్గేసింది.

తర్వాత ఇంకో సిగ్గు. వంతెనకు పోయే దారి లేదు. దూరంగా దాని నడుం పైభాగం మాత్రం కనిపిస్తోంది. మిగతాదంతా నీళ్ళు. బండల మీద అలలు ధనాధన్ పగులుతున్నాయి.

"గదేనా?" అంది అమ్మ.

"అదే."

"కింద నిలబడితే మునుగుతనేమో గదనే."

ఆ పక్కనే ఒక పెద్దాయన, ఆయన భార్య గొడుగు కింద నిలబడి ఉన్నారు. ఆయన ఫోన్ పట్టుకుని తెలుగులోనే తిట్టడం మొదలుపెట్టారు.

"చూశావా నాగేశ్వరీ? 'రోజులో ఎప్పుడైనా చూడవచ్చు' అంట! వీడెవడో గానీ జన్మలో ఈ ఒడ్డు తొక్కి ఉండడు."

"ఊరుకోండి, బీపీ పెరుగుద్ది" అన్నారావిడ.

నేను మెల్లగా మొగలిపొదల వైపు జరిగాను. కానీ మా అమ్మ చెవిన తెలుగు పడింది. ఆ ఫోన్‌లో తనకు బాగా తెలిసిన బొమ్మ కనిపించింది. ఇక ఆగుతుందా? ముఖం చాటంత చేసుకుని, "అయ్యో సారూ, గది మా బిడ్డ రాసిందే! స్వప్నా, ఇటు రా!" అని కేకేసింది.

తల కొట్టేసినట్టయింది. పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశారు. పేరు వెంకటరామయ్యట, రిటైరైన ఇంజినీరు, ఉండేది ప్రగతి నగర్. అంటే మా ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు. తిట్టు తినడానికి ఇంత దూరం రావాల్సిన పనే లేదు.

"ఏమ్మాయ్, నువ్వు ఎప్పుడొచ్చి చూశావు దీన్ని?" అన్నారు.

"ఇప్పుడేనండీ. మొదటిసారి" అన్నాను. అబద్ధమాడటానికి కూడా ఓపిక లేదు.

ఆయన తెల్లబోయారు. నాగేశ్వరి గారు మాత్రం గొడుగు ఊగిపోయేలా నవ్వారు. అమ్మకు అప్పుడు అర్థమైంది. ముఖంలో వెలుగు తగ్గింది. ఒక బండ మీద కూర్చుని డబ్బా తీసి, తలా ఒక సర్వపిండి ముక్క పెట్టింది. తిట్టినా బాగుండేది. నా ముక్కను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

తింటూ తింటూ అమ్మ కాళ్ళ దగ్గరి బండనే చూస్తోంది. తర్వాత వంగి, పగిలిన గవ్వ ఒకటి ఏరి, రెండు బండల సందులో అల తగలకుండా నిలిచిన నీళ్ళ అంచున బండ మీద తెల్లగా ఒక గీత గీసింది.

"ఏం చేస్తున్నవమ్మా?"

"నీళ్ళకు పైన బండ జానెడు తడిగుంది. ఎండ ఇంత గొడుతున్నా తడి ఎందుకుంటది? నీళ్ళు ఇప్పుడే దిగినై, అందుకు."

నాకు ఆమె పని తెలుసు. ఆరో అంతస్తులో ఏసీ నీళ్ళు కారితే, అమ్మ మడుగు చుట్టూ చాక్‌పీసుతో గీత గీస్తుంది. అరగంటకు వచ్చి చూస్తుంది. గీత దాటితే ప్లంబర్‌కు ఫోన్, లోపలే ఉంటే మాపు. తొమ్మిదేళ్ళుగా నీళ్ళ కదలిక కనిపెట్టడమే ఆమె కొలువు.

అరగంట కూర్చున్నాం. గీతకూ నీళ్ళకూ నడుమ అమ్మ చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళు పట్టాయి.

"దిగుతున్నై. రెండు దాటినంక వస్తే తొవ్వ తేలుతది" అంది.

"అమ్మా, నాలుగింటికి ఓడ. అప్పుడు కూడా తేలకపోతే? మిగతా చూడాల్సినవన్నీ అటు పక్కనున్నాయి, మళ్ళీ ఇంత దూరం వెనక్కి రావడం..."

"నీ పేజీని నమ్మి ఒకసారి వచ్చినం గద బిడ్డా. ఇగ నా గీతను నమ్ము."

వెంకటరామయ్య గారు గీత దగ్గర కూర్చుని తన వేళ్ళు కూడా పెట్టి చూశారు. "పోటు తగ్గుతోంది. కరెక్టేనమ్మా" అన్నారు. ఇంజినీరు గారి సంతకం పడింది గనక ఆ ఇద్దరూ మాతోనే బయలుదేరారు.

దీవంతా తిరిగాం. అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కితే కాళ్ళ కింద పగడపు దిబ్బలు, వాటి మధ్య పసుపు, నీలం చేపలు గుంపులు గుంపులుగా పోతున్నాయి. నాగేశ్వరి గారు ప్రతి చేపకూ "ఇది పులుసుకా, వేపుడుకా?" అని తీర్పు చెబుతుంటే పడవవాడికి భాష తెలియకపోయినా నవ్వాగలేదు. ఒడ్డున వంగి నీళ్ళను తాకబోతున్న ఒక మహావృక్షం నీడలో కొబ్బరి బోండాలు తాగాం. అమ్మ చెప్పులు విప్పి, తెల్లటి ఇసుక మీద అడుగు వేయడానికి జంకింది.

"ఇంత సాఫ్‌గుంది. ఎవరు ఊడుస్తరే?"

"సముద్రమేనమ్మా. రోజుకు రెండుసార్లు వచ్చి పోతుంది."

"రెండు షిఫ్టులా! పాపం" అంది అమ్మ. అప్పుడు వేసింది అడుగు. ఇంకాసేపటికి చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని అలలతో పరుగు పందెం పెట్టుకుంది. మా అమ్మ పరుగెత్తగలదని నాకు ఇరవై ఏడేళ్ళు వచ్చాక తెలిసింది.

రెండున్నరకు మళ్ళీ వంతెన ఒడ్డు. అమ్మ కాగితం చెత్తబుట్టలో పడటం ఊహించుకుంటూనే పొదలు దాటాను.

సముద్రం వెనక్కి పోయింది. పొద్దున అలలు పగిలిన చోట ఇప్పుడు బండలూ, బండల మధ్య అద్దాల్లాంటి నీటి గుంటలూ. అమ్మ గీసిన తెల్లగీత మా నడుముల ఎత్తున ఉంది. అవతల, పునాదుల దాకా బయటపడి, రాతి వంతెన నిలబడి ఉంది.

"అమ్మా!" అని అరిచాను.

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నలుగురం బండల మీద నడిచాం. గుంటల్లో నీలి నక్షత్రచేపలు, గోరంత ఎండ్రకాయలు, నల్లగా బద్ధకంగా పడుకున్న సముద్ర దోసకాయలు. అమ్మ ప్రతి గుంట దగ్గరా ఆగి పలకరించింది. చివరకు వంతెన కింద నిలబడి పైకి చూసింది. రాతి చూరు నుంచి ఒక చుక్క ఆమె నుదుటి మీద పడింది.

"లీకేజీ ఉన్నది" అంది, నవ్వుతూ.

ఆ నవ్వు మీదే ఫోటో తీశాను. తర్వాత వెంకటరామయ్య గారు మా ఇద్దరికీ కలిపి తీశారు. "అమ్మాయ్, రాసింది తప్పైతేనేం, తోడు తెచ్చుకున్న మనిషి కరెక్టు" అన్నారు. అంతకన్నా మంచి మాట నా ఉద్యోగంలో ఎవరూ అనలేదు. నాలుగింటికి పది నిమిషాల ముందు, ఆయాసపడుతూ, ఓడెక్కాం.

సోమవారం ఆఫీసుకు పోగానే మొదట చేసిన పని, ఆ పేజీ తెరిచి "రోజులో ఎప్పుడైనా" అన్నది కొట్టేయడం. నీళ్ళు దిగే వేళ కనుక్కుని వెళ్ళమని, తడి బండ ఏం చెబుతుందో, గీత ఎలా గీసుకోవాలో రాశాను. ఆటో డ్రైవర్ ఏదైనా చెప్పబోతే వినమని కూడా రాశాను. చివర "సమాచారం ఎవరిచ్చారు" అని ఒక గడి ఉంటుంది. నాలుగేళ్ళుగా అందులో "ఇంటర్నెట్" అని కొట్టడమే అలవాటు. ఈసారి "ఎల్లమ్మ, హౌస్‌కీపింగ్" అని కొట్టాను.

మా టీమ్ లీడ్ అవినాష్ చూసి, "ఎవరీ ఎల్లమ్మ? ట్రావెల్ బ్లాగరా?" అన్నాడు.

"ఆరో అంతస్తు. కావాలంటే దిగి కలువు."

మధ్యాహ్నం నేనే దిగాను. మాపుల గదిలో పాత కాగితం స్థానంలో అమ్మ ఫోటో వచ్చేసింది. అంటించింది ఈరమ్మే. అమ్మకు కొత్త పేజీ మొత్తం చదివి వినిపించాను. తన పేరు వచ్చినప్పుడు "మల్లొకసారి సదువు" అంది. మళ్ళీ చదివాను.

"మూడు వందల పన్నెండు రాసినవు గద" అంది తర్వాత. "తక్కినవన్నీ గూడ గిట్లనే రాసినవా?"

నేను నేల చూశాను.

"ఫికర్ జెయ్యకు. ఒక్కొక్కటి పోయి దిద్దుకొద్దాం" అంది అమ్మ. యూనిఫాం జేబులోంచి చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టి, బకెట్ అందుకుని పనిలోకి పోయింది.