పోస్టరు కింద మూడో లైను

లోర్న్ స్టాడ్నిక్‌ను పోలీసులు పట్టుకెళ్లారన్న కబురు ఒంటిగంటన్నరకు వచ్చింది. అప్పుడు కోరిన్ డ్యువాల్ లైట్‌హౌస్ మెట్ల మీద కూర్చుని శాండ్‌విచ్ తింటోంది. సగం తిన్నది అక్కడే వదిలేసి లేచింది.

లోర్న్ షూటింగ్ యూనిట్‌లో కళా విభాగం ట్రక్కు డ్రైవరు. అరవై ఏళ్ల మనిషి, ఎవరి జోలికీ పోని రకం. కానీ ఆ పొద్దున పోర్ట్ వెండెల్ పెద్దవీధిలో ఏ గోడ చూసినా అతని ఫోటోయే. పైన 'బ్యాంకు దొంగ' అని పెద్ద ఎర్రక్షరాలు, కింద ఆచూకీ చెప్పమని విన్నపం. టీవీ సీరియల్లో ఓ సీను కోసం ఆ పోస్టరు చేసింది కోరిన్. బయటి మనిషి ఫోటో వాడాలంటే అనుమతుల తంటా. అందుకే కోరిన్‌లాంటి గ్రాఫిక్ ఆర్టిస్టులు యూనిట్‌లో దొరికిన ముఖాన్నే దొంగను చేసేస్తారు. లోర్న్ మురిసిపోయి సంతకం పెట్టాడు. ఒక పోస్టరు మనవరాళ్లకు కూడా పంపించాడు.

సీను అయ్యాక పన్నెండు పోస్టర్లూ పీకేయాలి. కోరిన్ పదకొండే పీకింది. పన్నెండోది డోనట్ల కొట్టు తలుపుకు మిగిలిపోయింది. మధ్యాహ్నం లోర్న్ ఆ తలుపే తోసుకుని కాఫీకి వెళ్లాడు. కొట్టావిడ అతన్ని చూసింది, తలుపును చూసింది, నవ్వుతూ కాఫీ పోసి ఇచ్చి, వెనక గదిలోకి వెళ్లి ఫోన్ చేసింది.

అతని ట్రక్కులోని సరుకులో మూడు ఉత్తరాలూ ఉన్నాయి. నూరేళ్ల కిందట లైట్‌హౌస్ కాపలాదారు రాసినట్టు కోరిన్ ఇంకు పెన్నుతో నాలుగు రోజులు కూర్చుని రాసినవి. మూడింటికి సీరియల్ నాయిక ఆ ఉత్తరం చదివి చింపేయాలి. సరిగ్గా రాకపోతే మళ్లీ తీయడానికే మూడు ప్రతులు. నాలుగింటికి ఆవిడ విమానానికి బయల్దేరుతుంది. సీను పోతే మళ్లీ దొరకదు.

పైగా కోరిన్‌కు ఇచ్చిన మూడు వారాల గడువు ఆ సాయంత్రంతో సరి. మిగతా ఎనిమిది భాగాలకు ఆమెను ఉంచుకోవాలో వద్దో కళా విభాగం పెద్ద గ్లెండా కోవల్చుక్ తేల్చాలి. గ్లెండాది ఒకటే నియమం. కెమెరాకు కనపడే కాగితం మీద ప్రతి అక్షరం అక్కడ నిజంగా ఉండాల్సిందే అయి ఉండాలి, ఎందుకంటే జనం తెర మీద బొమ్మను ఆపి మరీ చదువుతారు. ఆ నియమాన్ని కోరిన్ ఒక్కచోట తప్పింది. ఎక్కడో గ్లెండాకు తెలియదు.

పోలీసు స్టేషన్‌కు కారు గ్లెండాయే నడిపింది. దారిలో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ఎన్ని పోస్టర్లు తీశావని. పదకొండని కోరిన్ ఒప్పుకుంది. గ్లెండా వేగం పెంచింది.

స్టేషన్లో సార్జెంట్ హాలెట్ బల్ల మీద ట్రక్కులో దొరికిన షూటింగ్ సరుకంతా పరిచి ఉంది. నాలుగు పాస్‌పోర్టులు, తొమ్మిది కారు నంబర్ ప్లేట్లు, రెండు పోలీసు బిళ్లలు, పక్కనే కొట్టు తలుపు నుంచి పీకిన పోస్టరు. ఒక్క ఉత్తరాల కవరు మాత్రం ఎవరూ విప్పలేదు.

"ఇవన్నీ ఎవరు చేశారు?" అన్నాడు సార్జెంట్.

"నేనే సార్."

పక్కనున్న కానిస్టేబుల్ నోట్‌బుక్ తెరిచాడు.

ఊళ్లో షూటింగ్ జరుగుతున్న సంగతి సార్జెంట్‌కు తెలుసు. కానీ ఆ సందట్లో నిజం దొంగ దూరడని నమ్మకమేమిటన్నది అతని అనుమానం. షూటింగ్‌కు అనుమతి ఇచ్చిన ఆఫీసరేమో సరస్సు మధ్యలో చేపలు పడుతున్నాడు, సాయంత్రం దాకా ఫోన్‌కు దొరకడు. గ్లెండా కంపెనీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. సార్జెంట్ దాన్ని చూసి, పాస్‌పోర్టులను చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంత బాగా పాస్‌పోర్టులు చేసే అమ్మాయికి ఒక ఉత్తరం చేయడం ఎంతసేపు మేడం?"

కోరిన్ తన గుర్తింపు కార్డు తీయబోయి మళ్లీ జేబులో పెట్టేసింది. ఏది చూపించినా అదే మాట వస్తుంది.

లోపలి గది ఊచల వెనక నుంచి లోర్న్ అన్నాడు, "నీ పనితనం తగలెయ్య, అమ్మాయ్. కాస్త అధ్వానంగా చేసి ఉంటే ఈపాటికి నా కాఫీ నేను తాగేవాణ్ణి."

రెండూ ఇరవై. లైట్‌హౌస్ అక్కడికి పదిహేను కిలోమీటర్లు. తాను చేసింది షూటింగ్‌కు పనికొచ్చే ఉత్తుత్తి కాగితమని నిరూపించే దారి ఒక్కటే ఉంది. ఆ దారి గ్లెండా కళ్ల ముందు నుంచే పోతుంది. కోరిన్ ఆమె వైపు చూడకుండా పోస్టరును సార్జెంట్ ముందుకు జరిపింది.

"సార్, కింద సన్నక్షరాలు చదవండి."

"చదివాను. చట్టం సెక్షన్లు."

"అవి పై రెండు లైన్లే. మూడో లైను నుంచి చదవండి."

సార్జెంట్ కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "ఎండు పసుపు బఠాణీలు నాలుగు గంటలు నానబెట్టవలెను," అని చదివి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు వేయించి, పంది తొడ ఎముక వేసి, సన్నని మంట మీద..."

కానిస్టేబుల్ రాయడం ఆపాడు. పోస్టరు ప్రెస్సుకు వెళ్లే ముందు రాయడానికి టైము చాలక, ఆ అడుగున ఎవరు చదువుతారులే అని కోరిన్ తన అమ్మమ్మ సూప్ చేసే విధానాన్ని అక్కడ నింపేసింది. గ్లెండా ముఖం చూసే ధైర్యం ఆమెకు ఇప్పటికీ రాలేదు.

సార్జెంట్ చివరిదాకా చదివాడు. "ఎముక కంటే ఉల్లిపాయలు ముందా?"

"ముందే సార్. ఎముక ముందు వేసేవాళ్ల ఇంట్లో మా అమ్మమ్మ భోజనం చేసేది కాదు."

"ఇదే మాట మా ఆవిడకు ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను," అంటూ సార్జెంట్ తాళాలు తీసుకుని లేచాడు.

తర్వాతంతా పరుగు. ముందు పోలీసు జీపు సైరన్ వేసుకుంటూ, వెనక లోర్న్ ట్రక్కు, దాని వెనక గ్లెండా కారు. పెద్దవీధిలో జనం పక్కకు తప్పుకుని, బ్యాంకు దొంగ స్టీరింగ్ ముందు కూర్చుని చేయి ఊపుతుంటే నోరు తెరుచుకుని చూశారు. మూడుకు మూడు నిమిషాలుండగా కవరు సెట్‌కు చేరింది.

మొదటి ఉత్తరం నాయిక చేతిలో వంకరగా చిరిగింది. రెండోది గాలికి ఎగిరిపోయింది. మూడోదాన్ని ఆవిడ నెమ్మదిగా చదివి, కన్నీళ్లు పెట్టుకుని, నిలువునా చింపింది. దర్శకుడు చాలన్నాడు. గ్లెండా మాత్రం మానిటర్ మీద ఉత్తరాన్ని ఆపించి, ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి ప్రతి లైనూ చదివింది. దీపానికి పోసిన నూనె ఎంత, గాలి ఎటు వీచింది, అద్దాలు ఎన్నిసార్లు తుడిచారు. అక్కడ ఉండకూడని లైను ఒక్కటీ లేదు. ఆమె లేచి కోరిన్ దగ్గరికి వచ్చింది.

"ఆ పోస్టరుకు సరే అన్నది నేను," అంది. "మూడో లైను దాకా నేనూ చదవలేదు."

గ్లెండా చేతిలోని పనుల జాబితా తెరిచింది.

"రేపటికి ఖైదీల ఫోటోలతో నలభై జైలు కార్డులు కావాలి. ఒక్కొక్కడి నేరం విడిగా రాయాలి. వచ్చే వారం కోర్టు కాగితాలు, ఆ పై వారం..."

"పై వారమా? నా గడువు ఇవాళే కదా?"

"ఎనిమిది భాగాల పని చెబుతుంటే గడువంటావేంటి? పెన్ను తియ్యి."

కోరిన్ పెన్ను తీసింది. నవ్వుకుంటూ రాయడం మొదలుపెట్టింది. అంతా రాసుకున్నాక భోజనాల బల్ల వైపు చూసింది. సార్జెంట్ హాలెట్ ఇంకా వెళ్లలేదు, ప్లేటులో రెండో విడత కేకు పెట్టించుకుంటున్నాడు. ఆమె గబగబా అటు నడిచి, అసలు జైలు కార్డు ఎలా ఉంటుందని అడిగింది.

సార్జెంట్ ప్లేటు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, చాలా కాలంగా ఎవరైనా ఆ మాట అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నవాడిలా మొదలుపెట్టాడు.

"ముందు ఫోటో సంగతి చెబుతాను, రాసుకో. అది ఎప్పుడూ కాస్త వంకరగానే అంటిస్తాం."