రాజీనామా ఇచ్చీమన్న వకీలమ్మ

ప్రత్యూష నల్లకోటు కుట్టించుకుని మూడు నెలలైంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగిళ్ళలో అప్పటిదాకా ఫిట్టర్లు పుట్టారు, గార్డులు పుట్టారు, ఇద్దరు నర్సులు కూడా పుట్టారు గానీ వకీలు పుట్టలేదు. అందుచేత ఆ పిల్ల కనపడితే చాలు, జనానికి ఎక్కడలేని తగాదాలూ గుర్తొచ్చేవి. గోల్ బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే పక్కన చేరి, అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించడం ఎలాగని అడిగేవాళ్ళు. ఆమె వంకాయలు ఏరుతూనే చెప్పేసేది.

ఆమె సీనియరు కామేశ్వరరావు గారు మొదటి రోజే హెచ్చరించారు. "భోజనాల దగ్గరా బజార్లోనూ అడిగినవాటికి బదులు చెప్పకమ్మా. ఆఫీసుకి రమ్మను, కూర్చోబెట్టు, కాగితం చూడు. మనవాళ్ళే గదా అనుకున్నచోటే మనం మునిగేది."

ప్రత్యూషకు అది వట్టి పిసినారితనంగా తోచింది. సొంతవాళ్ళు ఒక మాట అడిగితే ఆఫీసుకి రమ్మనడమేమిటి? పైగా, ఉన్నమాట చెప్పుకోవాలి, అలా అడిగించుకోవడం ఆమెకు మహా ఇష్టంగా ఉండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వకీలూ అంతే.

తొంభై మూడు ఫిబ్రవరిలో, వెనక లైన్లో ఉండే అప్పలకొండ గారి మనవడికి బారసాల చేశారు. పంక్తిలో కూర్చుని పులిహోర వచ్చేలోపలే ప్రత్యూష రెండు తగాదాలు తేల్చేసింది. అప్పుడు పక్క ఆకు ముందు కూర్చున్న ఆదినారాయణ ఆమె వైపు వంగాడు.

ఆదినారాయణ ఆమె తండ్రికి లోకో షెడ్డులో జతగాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, ఇరవయ్యారేళ్ళుగా ఇంజన్ల కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. మాట తక్కువ మనిషి. రెండు నెలల కిందట ఆయన తనను కొట్టాడని షెడ్డు ఫోర్‌మన్ కేసు పెట్టాడు. ఆ సంగతి కాలనీ అంతా ఎరిగిందే.

"పాపా, నిన్న కోర్టుకెల్లేను. ఫోర్‌మన్ తాలూకు వకీలు, రాజీనామా ఇచ్చీ, మామలా ఖతం, కేసు పోతాది అంటన్నాడు. ఇచ్చీమంటావా?"

ప్రత్యూష చదువంతా హిందీలో సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడడమే గానీ, చదవమంటే అక్షరాలు కూడబలుక్కోవాలి. రాజీనామా అన్న మాట ఆమెకు కోర్టులోనే పరిచయం. అక్కడి హిందీలో దాని అర్థం, కొట్టుకున్న ఇద్దరూ గొడవ మానుకుని రాసిచ్చే రాజీపత్రం. అదే మాటకు తెలుగులో ఉద్యోగం వదులుకోవడమని అర్థం ఉందన్నది ఆమెకు తట్టనే లేదు. ఆదినారాయణకు తెలిసిన అర్థం అదొక్కటే.

"ఇచ్చీ బాబాయ్, ఇంకా ఆలోచనేటి?" అంది పులిహోర నములుతూ.

"ఇచ్చీమనే అంటావా?"

"రేపే ఇచ్చీ. లేకపోతే ఏళ్ళ తరబడి తిరగాలి."

"మరి పిల్లలు..."

"పిల్లల కోసమే చెప్తున్నా."

"అచ్ఛా," అని ఆదినారాయణ ఆకు మడిచి లేచిపోయాడు. అప్పటికి బూరెలు వడ్డించనే లేదు. ప్రత్యూష మాత్రం రెండు తింది.

మర్నాడు ఆమె కోర్టు నుంచి ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఆదినారాయణ భార్య అప్పలనర్సమ్మ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"క్వార్టరు ఎన్నాళ్ళలో కాళీ సెయ్యాలి తల్లీ? సట్టం ఏటంతాది?"

"క్వార్టరు ఎందుకు పిన్నీ ఖాళీ చెయ్యడం?"

"అదేటమ్మా, నువ్వే గదా రాజీనామా ఇచ్చీమన్నావు. పొద్దున్నే ఇచ్చీసి వచ్చీసినాడు. ఆపీసులో గుమస్తా గిరిబాబు, మతి పోనాదా, నౌకరీ వొదిలెస్తావా అని తిట్టినాడంట. మన వకీలమ్మ సెప్పినాది, నువ్వు టైపు కొట్టు అన్నాడంట."

ప్రత్యూషకు అప్పుడు అర్థమైంది. ముందు భయం వేయలేదు, ఆశ్చర్యం వేసింది. ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం, తలమీద కప్పు, ముసలితనానికి ఆసరా అయ్యే పింఛను. తను తింటూ తింటూ అన్న ఒక్క మాటకు ఆ మనిషి మూడూ వదిలేశాడు. ఎందుకని కూడా అడగలేదు. తన మాటకు ఇంత బలముందని ఆమె కలలో కూడా అనుకోలేదు. భయం ఆ తరవాత వేసింది.

లూనా బండి తీసి రాజ్‌కిశోర్ నగర్‌లో కామేశ్వరరావు గారింటికి పరిగెత్తింది. ఆయన అంతా విన్నారు, నవ్వలేదు.

"వాళ్ళ రాజీనామాకి గొడవ పోతుంది, మన రాజీనామాకి కొలువు పోతుంది. పైవాళ్ళు ఆమోదించేశారా?"

"తెలీదండీ."

"ఆమోదించకముందు వెనక్కి తీసుకోవచ్చు. ఆమోదించాక బతిమాలుకోవడమే. రేపు ఆఫీసు తెరిచేసరికి అక్కడుండు. ఈలోగా వెళ్ళి, తప్పెవరిదో ఆయనకి చెప్పు."

చెప్పడమే కష్టం. నేనన్నది వేరు, నువ్వు విన్నది వేరు బాబాయ్, అనేయొచ్చు. అబద్ధం కూడా కాదు. కాలనీ అంతా నమ్ముతుంది, కొత్త వకీలు పరువు దక్కుతుంది. దారి పొడవునా ప్రత్యూష ఆ వాక్యాన్నే నోట్లో తిప్పుకుంటూ వచ్చింది.

ఆదినారాయణ వరండాలో కూర్చుని, షెడ్డుకి అప్పజెప్పాల్సిన స్పానర్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. అది చూడగానే ఆ వాక్యాన్ని వదిలేసింది.

"తప్పు నాది బాబాయ్. నువ్వు ఏ రాజీనామా అంటున్నావో నేను అడగలేదు. కాగితం చూడలేదు. నోటికొచ్చింది చెప్పేశాను." మిగతాదంతా ఏడుస్తూనే చెప్పింది.

ఆయన స్పానరు కింద పెట్టాడు. "రెండు రకాలున్నాయేటి రాజీనామాలు?" అని మాత్రం అన్నాడు.

"ఎందుకు ఇవ్వాలని ఒక్కసారి నన్ను అడగొద్దా? ఇరవయ్యారేళ్ళ నౌకరీ బాబాయ్!"

"ఇంజను కిందకి దిగీటప్పుడు, పైనున్నోడు దిగు అంటే దిగుతాం. మల్లీ అడగం. ఇది నీకు తెలిసిన పని. నువ్వు సెప్పినావు, నాను దిగినాను."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షెడ్డు మీదుగా ఆఫీసుకి నడిచారు. పుట్టి బుద్ధెరిగాక ప్రత్యూష ఆ షెడ్డు లోపలికి రావడం అదే మొదలు. ఇల్లంత ఇంజను ఒకటి పట్టాల మీద నిలబడి ఉంది, దాని కింద మనిషి లోతు గొయ్యి. గట్టు మీద నిలబడ్డ ఒకతను చక్రాలూ బ్రేకులూ చూసుకుని "హాఁ, జా" అని దిగమన్నాడు. అంతే, ఇంకొకతను ఆ మాట మీద గొయ్యిలోకి దిగి, అంత బరువు కింద తల పెట్టేశాడు. పైకి చూడను కూడా చూడలేదు. ప్రత్యూష నోరు తెరిచి నిలబడిపోయింది. గుడిలో కూడా ఆమెకు అలా చేతులు జోడించాలనిపించలేదు. మొన్నటి మాట మీద అలా కిందికి దిగింది ఆదినారాయణ, గట్టు మీదున్నది తను. గట్టు మీదున్న మనిషి పులిహోర తింటోంది.

ఆఫీసులో గిరిబాబు వాళ్ళను చూస్తూనే లేచాడు. "కాగితం పెద్దాఫీసరు సాయబు బల్ల మీదకెల్లిపోయింది. పదింటికి వస్తాడు, వస్తూనే సంతకాలు మొదలెడతాడు."

గోడ గడియారం పది కావడానికి పావుగంట చూపిస్తోంది. ప్రత్యూష బెంచీ మీద కూర్చుని, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు హిందీలో అర్జీ రాసింది. ఆదినారాయణ పెన్ను అందుకుని చదవకుండానే సంతకం చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది, ఆయన చేత తిరిగి చెప్పించింది. టైము గడుస్తోందని గిరిబాబు నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. సంతకమయ్యాక గిరిబాబు దానిమీద స్టాంపు గుద్ది, లోపలికి పరిగెత్తి అన్నిటికన్నా పైన పెట్టొచ్చాడు.

సాయబు వచ్చాడు. తలుపు మూసుకుంది. ఆదినారాయణ బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు, మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. చాలాసేపటికి గిరిబాబు బయటికొచ్చాడు.

"సంతకం పెట్టలేదు బాబాయ్! రెండు కాగితాలూ ఫైల్లో కట్టేయమన్నాడు. డ్యూటీకి పొమ్మన్నాడు."

ఆదినారాయణ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నా అయిపోలేదు. ఆ తరవాత ప్రత్యూష వైపు తిరిగాడు.

"మరి రెండోది, కోర్టు రాజీనామా. అది ఇచ్చీమంటావా పాపా?"

ఇంత జరిగాక కూడా అదే గొంతు, అదే నమ్మకం. 'ఇచ్చీ' అన్న మాట ప్రత్యూష నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"నాకు తెలీదు బాబాయ్. ఆ రోజు ఏటి జరిగిందో మొదట్నుంచి చెప్పు."

ఆదినారాయణ ఆమెను వింతగా చూశాడు. జరిగి, బెంచీ మీద చోటిచ్చాడు.

"రెండు నెల్లయినాది," అన్నాడు. "పోలీసోడు అడగనేదు. కోర్టోడు అడగనేదు. మా ఇంటిది కూడా అడగనేదు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నాను కొట్టనేదు పాపా."