సానరాయికి తెచ్చిన మోటారు

ఆ శనివారం పొద్దున్న ఇంట్లో ఆరుగురు ఉన్నారు. వసారాలో నులకమంచం మీద మామ్మ సూరమ్మ. వంటింట్లో చింతపండు పిసుకుతూ అమ్మ రత్నకుమారి. పెరట్లో రేకుల షెడ్డులో నాన్న నెల్సన్. ఆయన పక్కనే అమ్మ తమ్ముడు పాపారావు మావయ్య. షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్న మందిరం పెద్ద ఏసుబాబు గారు. ఆరో మనిషి ఆ ఇంటి పిల్ల పెర్సిస్. వీళ్ళు కాక, గోనెసంచి మీద కూర్చోబెట్టిన ఆకుపచ్చ మోటారు ఒకటి. నిజం చెప్పాలంటే ఆ పూట ఇంట్లో మర్యాదలన్నీ దానికే జరుగుతున్నాయి.

నెల్సన్ కత్తులకు సాన పడతాడు. ఆకివీడు నుంచి గణపవరం దాకా చేపలు కోసే ఆడవాళ్ళ కత్తులు, కొబ్బరికాయలు వలిచేవాళ్ళ కత్తులు, కోతల రోజుల్లో కొడవళ్ళు, అన్నీ ఆ షెడ్డుకే వస్తాయి. మోటారు ఇరుసుకే పన్నెండు అంగుళాల సానరాయి బిగించుకుని పని చేస్తాడు. మధ్యలో బెల్టు లేదు, చక్రం లేదు. మోటారు ఎంత వేగంగా తిరిగితే రాయీ అంతే వేగంగా తిరుగుతుంది. రాయి మీద ఉండాల్సిన రేకు మూతను, పొడుగు కత్తులకు అడ్డం వస్తోందని ఎప్పుడో తీసేశాడు. ఎడమ కంటికి చూపు తక్కువ కాబట్టి రాయి మీదికి బాగా వంగి చూస్తాడు. సాయంత్రం షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి కనుబొమ్మలు ఎర్రటి పొడితో నిండి ఉంటాయి.

కిందటేడు గుమ్మంలో నిలబడి చూస్తున్న పెర్సిస్ కంట్లో నిప్పురవ్వ పడింది. అప్పటికప్పుడు ఏలూరు కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆనాటి నుంచి రాయి తిప్పే ముందు షెడ్డు తలుపు మూసి లోపల గడియ పెట్టుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

పదకొండు రోజుల కిందట పాత మోటారు కాలిపోయింది. మళ్ళీ వైండింగ్ చేయించినా నిలవదని మెకానిక్ తేల్చేశాడు. షెడ్డు గోడ వారన కత్తులు పోగుపడ్డాయి. కత్తులిచ్చిన చేపల ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి, "మా కత్తి ఇచ్చెయ్యండి, ఇంకోచోట పట్టించుకుంటాం," అని అడగడం మొదలుపెట్టారు. కొత్త మోటారు కొనే స్తోమతు లేదు. సెకండ్ హ్యాండ్‌ది చూద్దామని శుక్రవారం తాడేపల్లిగూడెం బయలుదేరారు.

"నువ్వు కూడా రామ్మా. దాని మీద ఇంగ్లీషులో ఏవో రాసుంటాయి. నువ్వైతే చదువుతావు," అన్నాడు నెల్సన్.

ఆ మాటకు పెర్సిస్‌కి లోపల ఎంతో సంతోషం వేసింది. ఆమె పదో తరగతి, ఊళ్ళో హైస్కూలే. బళ్ళో హాజరు పలికితే టీచరుకు వినపడక రెండుసార్లు ఆబ్సెంటు పడింది. ఇంట్లో అన్నం చాలని చెప్పడానికి కూడా చెయ్యే అడ్డం పెడుతుంది తప్ప మాట రాదు. మాటలన్నీ డైరీలోకి పోతాయి. సండేస్కూల్లో బహుమతిగా వచ్చిన ఆ డైరీలో తారీఖులు ఎప్పటివో. ఆమె ఆ తారీఖులు కొట్టేసి కొత్తవి వేసుకుంటుంది. ప్రయాణానికి ముందురోజు కాలిపోయిన మోటారు మీద ఉన్న రేకు ముక్క తుడిచి, దాని మీది అంకెలన్నీ వరుస తప్పకుండా డైరీలోకి ఎక్కించింది. ఒకటిన్నర హెచ్‌పీ. దాని కింద, నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే చోట, 1440.

ఆ పేజీకి ఎదురు పేజీలో గుండ్రటి కాగితం అంటించి ఉంది. సానరాయి కొన్నప్పుడు దాని నడుమ అంటించి వచ్చిన చీటీ అది. ఎరుపూ నలుపూ రంగుల్లో బాగుందని దాచుకుంది. రాయి అమ్మిన ముసలాయన ఆ రోజు దాని మీద వేలు పెట్టి, "ఈ రాయిని ఇరవై ఒక్క వందలకి మించి తిప్పకూడదమ్మా. మించితే పగిలి ముక్కలు తూటాల్లా వస్తాయి," అని చెప్పాడు. అప్పుడు నెల్సన్ పక్క కొట్లో నట్లు ఏరుకుంటున్నాడు. ఇంటికొచ్చాక ఆమె ఆ సంగతి డైరీలో రాసుకుంది. నోటితో ఎవరికీ చెప్పలేదు. మోటారు వేగం ఎలాగూ పద్నాలుగొందల నలభయ్యేగా, చెప్పే అవసరం ఏముందనుకుంది.

గూడెం స్టేషనుకి మావయ్య ముందే వచ్చి ఉన్నాడు. పాపారావు ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద మోటార్లు చూసుకునే మనిషి. మోటారు అన్న మాట ఎక్కడ వినపడినా, అడగకపోయినా ముందుకొస్తాడు. పాత మోటార్ల కొట్టు గంగరాజుకి అతనంటే బాగా పరిచయం.

"రండి పాపారావు గారూ. ఈసారి దేనికండీ?" అన్నాడు గంగరాజు.

"మనం దేనికి పట్టికెళ్తామండీ. చెరువుకే," అని మావయ్య బావగారి వైపు తిరిగి కన్ను గీటాడు. చెరువు వాళ్ళంటే ఏడాదికి పది మోటార్లు కొనేవాళ్ళు, అందుకని వాళ్ళకి కొట్లో మంచివి తీసిపెడతారు. కత్తులు సాన పట్టేవాడికని చెబితే మూల పడున్నది అంటగడతారని అతని లెక్క.

నెల్సన్ వరసగా పెట్టిన మోటార్ల వైపు చూశాడు. పెర్సిస్ డైరీ గుండెలకు అదుముకుని ఆయన వెనకాల నిలబడింది.

చెరువుల మీద మోటారు కొనేటప్పుడు మూడే ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని హెచ్‌పీ, లోపల రాగేనా, ఇంతకు ముందు కాలిందా. వేగం ఎవరూ అడగరు. నీళ్ళు తోడే మోటార్లన్నీ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి అడగాలని ఎవరికీ తోచదు. మావయ్య ఆ మూడూ అడిగాడు. గంగరాజు మూడింటికీ తిన్నగానే జవాబు చెప్పి, మోటారు ఆన్ చేసి, దాని నెత్తిన రూపాయి బిళ్ళ అంచు మీద నిలబెట్టాడు. మోటారు తిరుగుతోంది, బిళ్ళ కదల్లేదు.

"చూశారా బావగారూ. బిళ్ళకి నిద్దరొచ్చినట్టుంది," అన్నాడు మావయ్య.

మోటారు మీది రేకు ముక్క వైపు చూసింది పెర్సిస్. మొత్తం ఒళ్ళంతా వేసినట్టే దాని మీద కూడా ఆకుపచ్చ రంగు మందంగా వేసేశారు. ఒక్క అక్షరం తెలియడం లేదు.

"నాన్నా, ఇది పద్నాలుగొందల నలభయ్యేనా, అడుగు," అంది.

మోటారు చప్పుడులో అది ఆమెకే సరిగ్గా వినపడలేదు. నెల్సన్ తల వంచి, "ఏంటమ్మా?" అన్నాడు. ఆమె మళ్ళీ నోరు తెరిచేలోపు మావయ్య, "బావగారూ, ఇలా రండి, దీని మీద చెయ్యి పెట్టి చూడండి. కొంచెమన్నా వేడెక్కిందేమో," అని పిలిచాడు. నెల్సన్ వెళ్ళి చెయ్యి పెట్టాడు. వేడెక్కలేదు. ఆయన ముఖంలో పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూశాక పెర్సిస్ ఒక అడుగు వెనక్కి వేసింది. చదవడానికని తీసుకొచ్చిన పిల్లని చదవమని ఎవరూ అడగలేదు. మోటారుని ఆటో వెనక ఇనుప చువ్వకి కట్టి ఇంటికి తెచ్చారు.

ఆ ఇంట్లో ఏ మర కొత్తగా మొదలుపెట్టినా ముందు ప్రార్థన జరగాలి. కుట్టు మిషనైనా సరే, ఫ్యానైనా సరే. అందుకే ఏసుబాబు గారిని పిలిచారు. రాయి బిగించడం అయింది. మామ్మను కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఏసుబాబు గారి ప్రార్థన పొడుగ్గా ఉంటుంది. చేతి కష్టం గురించి, చేపల సంత గురించి, కరెంటు గురించి కూడా ఆయన అడుగుతారు.

కరెంటు దగ్గరికి వచ్చేసరికి పెర్సిస్ కళ్ళు తెరుచుకున్నాయి. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఎదురుగా మోటారు. ఆటో చువ్వకి రాసుకుని రేకు ముక్క మీది రంగు ఒకచోట లేచిపోయింది. పాత మోటారుకి పద్నాలుగు ఉండే చోట, ఇరవై ఎనిమిది అని రెండు అంకెలు కనిపిస్తున్నాయి. వాటి పక్కన మళ్ళీ ఆకుపచ్చ రంగే.

ఆమె గబుక్కున కళ్ళు మూసుకుంది. మూసుకున్నా ఆ రెండు అంకెలూ కనిపిస్తూనే ఉన్నాయి. అందరూ ఆమేన్ అన్నాక ఆమె ఒక్కతే ఆలస్యంగా అంది.

అమ్మ టీలు తెచ్చింది. అందరూ గ్లాసులు అందుకునే సందట్లో పెర్సిస్ తలలోంచి పిన్ను తీసి మోటారు దగ్గర కూర్చుని రంగు గీకింది. 2880.

"ఏంటే పెర్సీ, నిన్ననే తానం చేసొచ్చిన మోటారుకి మళ్ళీ ఒళ్ళు తోముతున్నావు," అన్నాడు మావయ్య.

"మావయ్యా, ఇది పాతదానికి డబల్ తిరుగుతుంది," అంది పెర్సిస్. పుట్టిన తర్వాత అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. మామ్మ కూడా తల తిప్పి చూసింది.

"అమ్మో, పిల్లకి గొంతుందే. అక్కా, విన్నావా," అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

నెల్సన్ ఒక్కడే నవ్వలేదు. "ఎంతుందమ్మా?" అని అడిగాడు.

"రెండు వేల ఎనిమిదొందల ఎనభై నాన్నా. మన పాతది పద్నాలుగొందల నలభై. రాయికేమో ఇరవై ఒక్క వందలకి మించకూడదు. మించితే పగిలిపోద్దంట."

"ఎవరు చెప్పారు?"

"రాయి అమ్మిన తాతగారు."

"రాయి అమ్మేవాడు అలాగే చెప్తాడే," అన్నాడు మావయ్య. "ఇరవై ఎనిమిది ఎనభై అంటే భయమా? చెరువుల మీద అన్నీ అయ్యే కదా బావగారూ. రాత్రీ పగలూ తిరుగుతాయి. నా చేతి మీదుగా ఇప్పటికి ఎన్ని వెళ్ళుంటాయో, ఒక్కటంటే ఒక్కటి పేల్లేదు. పైగా డబల్ తిరిగితే మంచిదేగా. రోజుకి ఇరవై కత్తులు పట్టేవారు, ఇంక నలభై పడతారు."

"అవి నీళ్ళు తోడేవి మావయ్యా," అంది పెర్సిస్. రెండోసారి వచ్చేసరికి గొంతు మళ్ళీ సన్నబడిపోయింది. మావయ్య అప్పటికే టీ ఊదుకుంటున్నాడు.

ఏసుబాబు గారు ఆమెను దగ్గరికి పిలిచి నెత్తి మీద చెయ్యి వేశారు. "తండ్రంటే ప్రేమ, అందుకే భయం. తప్పు లేదు తల్లీ. కానీ ఇప్పుడే కదా ప్రార్థన చేసుకున్నాం. చేసుకున్నాక మళ్ళీ అనుమానపడకూడదు."

ప్రార్థనలో కళ్ళు తెరవబట్టే తెలిసిందని ఆయనతో ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. తల ఊపింది.

నెల్సన్ లేచి రాయి దగ్గరికి వెళ్ళాడు. సుత్తి తిరగేసి, దాని చెక్క పిడితో రాయిని నాలుగు వైపులా తట్టి చెవి ఒగ్గి విన్నాడు. ప్రతిసారీ రాయి గంటలా ఖంగుమంది. పగులు ఉన్న రాయి అలా పలకదు, బొంగురుగా పలుకుతుంది. ఇరవయ్యేళ్ళుగా ఆయన ఆ ఒక్క పరీక్షే నమ్ముకున్నాడు.

"రాయి నిక్షేపంలా ఉందమ్మా. విన్నావుగా," అన్నాడు ఆమెతో.

"ఇప్పుడు బాగానే ఉంటుంది నాన్నా. తిరిగితేనే..."

"చూద్దాంలే. ఒకసారి తిప్పి చూస్తే తెలిసిపోద్దిగా. పాపం మావయ్య నిన్నంతా పని మానుకుని తిరిగాడు." చివరి మాట ఆయన మెల్లగా, మావయ్యకి వినపడకుండా అన్నాడు. అప్పుడు అర్థమైంది పెర్సిస్‌కి. నాన్నకి కూడా కొంచెం అనుమానం ఉంది. అయినా తిప్పుతాడు. గోడ వారన ఉన్న కత్తుల పోగును చూసి తిప్పుతాడు. బావమరిది ముఖం చూసి తిప్పుతాడు. ఏసుబాబు గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారని తిప్పుతాడు.

చీటీ చూపిస్తే వింటాడు. ఆ చీటీ మీద 2100 అని పెద్ద అంకెల్లో ఉంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వస్తాయి కదా నాన్నకి. ఆమె ఇంట్లోకి పరిగెత్తింది. డైరీ దిండు కింద లేదు. బడి సంచిలోనూ లేదు. నిన్నటి చున్నీలో చుట్టి పెట్టె మీద పెట్టినట్టు గుర్తొచ్చింది. పేజీ తెరిచి పట్టుకుని మళ్ళీ పెరట్లోకి పరిగెత్తింది.

ఏసుబాబు గారు కుర్చీ ఇవతలికి జరుపుకున్నారు. మావయ్య స్విచ్చి దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంటి మెయిన్ స్విచ్చి కూడా ఆ షెడ్డు లోపలి గోడకే ఉంది. నెల్సన్ పొడుగు కత్తి ఒకటి ఏరి చేతిలోకి తీసుకుని, తలుపు వెయ్యడానికి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, ఇది చూడు. ఒక్కసారి చూడు," అంది డైరీ ఎత్తి.

ఆయన ఆ పేజీ వైపు చూశాడు. కుడి కన్ను ఎండకి చిట్లించి, నిజంగానే చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇక్కడ నిలబడకమ్మా. రవ్వలొస్తాయి. కిందటేడు పడ్డావుగా అవస్థ."

"నాన్నా, ముందు ఇది..."

"ఆపేశాక చూస్తాను. మామ్మ దగ్గరికెళ్ళు."

"మామ్మ దగ్గరికి తర్వాత వెళ్తాను. నువ్వు వంగి చూడకు నాన్నా. పోనీ పక్కకి నిలబడు," అంది. ఆ మాట ఆయనకి వినపడిందో లేదో తెలియలేదు. ఆయన చేతికి అప్పుడే ఎక్కడిదో ఎర్రటి పొడి అంటుకుని ఉంది. ఆ చేతిని లుంగీకి తుడుచుకుని, మడిచిన వేళ్ళు ఆమె చెంప మీద మెల్లగా ఆనించి, గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి జరిపాడు. డైరీ అంచు ఇద్దరి మధ్యా నలిగింది.

రేకు తలుపు ఆమె ముఖం ముందే మూసుకుంది. లోపల గడియ పడింది.